మన నవలలలో వింత మనుష్యులు, వింత సంసారములు



నేను ఆర్మూరు చెంతనున్న ఆలూరు గ్రామవాసిని. ముప్పది సంవత్సరములకు పైగా తెనుగు పండితుడనై బడులలో పాఠములు చెప్పి విశ్రాంతి గొన్నవాడను. మా సీమ పసుపునకు ప్రసిద్ధి. మాఘ ఫాల్గుణములలో మా యూరి మీదుగా పోవువారికి ఏ కళ్లమున జూచినను ఉడికించిన పసుపు ఎండుచు కనబడును. ఆ కుప్పలలో నిడుపైన కొమ్ములు కలవు, గుండ్రని మండలు కలవు, ఇది కొమ్మా మండా యని తేల్చి చెప్పరాని వంకర దుంపలును కలవు. బేరగాడు వీనిని వేరుపరచి వేరువేరు ధరలు కట్టును. వంకర దుంపను తీసి అవతల బెట్టును. ఇంటి యిల్లాలు మాత్రము దానినే విరిచి, దంచి, కూరలో వేసికొనును. రంగునకు గాని గుణమునకు గాని లోపమేమియు నుండదు.

మనుష్యులలోను ఇట్టివారు కలరు. లోకము వారిని వింతవారనియు, తిక్కవారనియు, దారి తప్పినవారనియు అనును. సంసారములలోను ఇట్టివి కలవు. తల్లి, తండ్రి, బిడ్డలు అను లెక్కకు కుదురని యిండ్లు ప్రతి గ్రామమునను నున్నవి. మన తెనుగు నవల యిట్టి మనుష్యులను, ఇట్టి యిండ్లను ఏ విధముగా లోనికి రానిచ్చెను, ఎప్పుడు రానిచ్చెను, ఎవరిని గడప వెలుపలనే నిలిపెను అనునది నేటి నా ప్రసంగవిషయము.

ముందుగా నా చదువును గూర్చి యొక్క మాట. నేను గురువుగారి యెదుట కూర్చుండి అలంకారశాస్త్రము చదివితిని. మన యోరుగల్లున కాకతీయ ప్రతాపరుద్రుని యాస్థానమున విద్యానాథుడు రచించిన ప్రతాపరుద్రీయమే మాకు ప్రధాన గ్రంథము. అందు నాయకునకు ఉండవలసిన గుణములు చెప్పబడినవి. వానిలో మొట్టమొదటిది మహాకులీనత. గొప్ప కులమున బుట్టియుండవలెను. పిమ్మట ఔజ్జ్వల్యము, మహాభాగ్యము, ఔదార్యము, తేజస్విత, వైదగ్ధ్యము, ధార్మికత్వము. ధీరోదాత్తుడు, ధీరోద్ధతుడు, ధీరలలితుడు, ధీరశాంతుడు అని నాలుగు తెగల నాయకులు. ఇందు మా యూరి వింత మనుష్యుడు ఏ తెగకును చెందడు. నాటకమున వానికి దొరకగల పదవి యొక్కటే, అది విదూషకత్వము. అతడును రాజు ప్రక్కన నిలిచి నవ్వించి పోవలసినవాడే గాని కథ యతనిది కాదు.

అట్లని మన పూర్వులు వింత సంసారముల నెరుగరని తలపరాదు. మహాభారతమునకు మించిన వింత సంసారము లోకమున నెక్కడ కలదు? అయిదుగురన్నదమ్ములకు ఒక్క యిల్లాలు, కన్న తల్లి చెప్పుకొనజాలని పెద్దకొడుకు, సూతునింట పెరిగిన రాజపుత్రుడు, స్త్రీగా బుట్టి పురుషుడైన శిఖండి, వీరందరు ఒక్క వంశకథలోని వారే గదా! పదునారవ శతాబ్దిలో పింగళి సూరన రచించిన కళాపూర్ణోదయమును కొందరు విమర్శకులు నవలకు పూర్వరూప మందురు. అందు కథానాయకుని జననమే యొక విచిత్రము. భార్య పురుషుడై, భర్త స్త్రీయై, ఆ దంపతులకు కళాపూర్ణుడు కలిగెను. అయితే, ఈ కథలలోని వింతకు ఒక శాపమో, వరమో, మణిమహిమయో కారణముగా నుండును. కారణము దేవతలయందుండుటచే మనుష్యునకు నిందయు లేదు, బాధ్యతయు లేదు. శాపము లేక, వరము లేక, తన స్వభావము చేతనే వింతవాడైన మనుష్యుడు మన సాహిత్యమున కథకు నడుమ నిలుచుటకు నవల రావలసివచ్చెను.

1872లో నరహరి గోపాలకృష్ణమసెట్టి గారు శ్రీరంగరాజ చరిత్రమును ప్రకటించిరి. దానికే సోనాబాయి పరిణయమని మరియొక పేరు. మనకు లభించిన మొదటి నవలలలో నిది యొకటి. కథానాయకుడు లంబాడీల తండాలో పెరిగిన పిల్లను ప్రేమించును. ఇది యెంత సాహసము! కాని కడపట ఆమె పుట్టుకచే లంబాడీ గాదని, ఉత్తమకులజయే యని తేలును. పెండ్లి నిరాటంకముగ జరుగును. గ్రంథకర్త తలుపు తీసినట్లే తీసి మరల గడియ పెట్టెను. మహాకులీనత యను పాతనియమము క్రొత్త బట్టలు గట్టుకొని తిరిగి వచ్చెను. అయినను, తండాలో పెరిగిన పిల్లను కథకు నాయికగా ఊహించుటయే ఆ కాలమున గొప్ప.

పిమ్మట కందుకూరి వీరేశలింగము పంతులు గారి రాజశేఖర చరిత్రము. 1878 నుండి వివేకవర్ధనిలో వెలువడి 1880లో పుస్తకమయ్యెను. పంతులుగారు దీనిని వచనప్రబంధ మనిరి. నవల యను పేరు కాశీభట్ల బ్రహ్మయ్యశాస్త్రిగారు పెట్టినది. ఆంగ్లకవి గోల్డుస్మిత్తు 1766లో ప్రకటించిన వేకుఫీల్డు గ్రామ పురోహితుని కథ యీ గ్రంథమునకు ప్రేరణ. ఆ పురోహితుడు లోకము తెలియని సజ్జనుడు, కొంత చాదస్తుడు. మన రాజశేఖరుడును అట్టివాడే. ధవళేశ్వరమున ధనవంతుడై, పొగడినవారి నెల్ల నమ్మి, బంగారము చేసిపెట్టెద నన్న బైరాగిని సయితము నమ్మి, ఉన్నదంతయు గోల్పోయి కుటుంబముతో దారిబట్టును. ఈ గ్రంథము 1887లో ఆంగ్లమునకు పరివర్తితమై యింగ్లండున అచ్చయ్యెను. ఇచట గమనింపదగిన దేమనగా, మన నవలలో మొదటి పెద్ద పాత్రమే నవ్వు పుట్టించునంత అమాయకుడు. అతని యవివేకమును గ్రంథకర్త దాచలేదు, అతనిని ద్వేషింపను లేదు. అతని కుమార్తె రుక్మిణి అడవిలో తప్పిపోయి పురుషవేషమున బ్రదుకును. చెదరిపోయిన సంసారము మరల నొకచోట చేరుటయే కథ. చెదరినది చేరకపోయిన నేమగును అను ప్రశ్న మాత్రము అప్పటికి పుట్టలేదు.

ఇక నవ్వుల కాలము. చిలకమర్తి లక్ష్మీనరసింహము గారు 1867లో జన్మించి 1946లో దివంగతులైరి. చూపు కోల్పోయియు లోకమును వారివలె జూచినవారు అరుదు. వారి గణపతి నవలయందలి గణపతి సోమరి, అజ్ఞాని, కపటి, అయినను మనకు ఆత్మీయుడు. అతడొక బడి పెట్టి పంతులగును. నా వృత్తివారలకు ఆ ప్రకరణము అద్దము వంటిది. చదివి నవ్వినకొలది గుండెలో నెక్కడనో ముల్లు గ్రుచ్చుకొనును. విజయవాడ ఆకాశవాణి వారు దానిని నాటకముగా ప్రసారము చేయగా తెనుగుదేశమంతయు విని నవ్వినది. మొక్కపాటి నరసింహశాస్త్రి గారి బారిస్టరు పార్వతీశము 1924 నాటిది. మొగలితుఱ్ఱు కుర్రవాడు బారిస్టరు చదువునకు సీమకు బయలుదేరును. చెన్నపట్టణమున ఆడువారి టోపీని కొని నెత్తిన బెట్టుకొనును. రైలు, ఓడ, హోటలు, ప్రతిచోటను అతనికొక పరీక్ష. రెండవ మూడవ భాగములు 1971లో గాని రాలేదు. నాయకునకును చదువరికిని నడుమ నలువది యేడుల విరామము!

ఈ యిద్దరిని గూర్చి మా విద్యార్థులు నన్ను తరచుగా నొక ప్రశ్న యడుగుచుండిరి. “గణపతిని జూచియు నవ్వుదుము, పార్వతీశమును జూచియు నవ్వుదుము. రెండు నవ్వులు నొక్కటియేనా?” కావు. గణపతిని జూచి నవ్వునపుడు మనము ఒడ్డున నుందుము. పార్వతీశమును జూచి నవ్వునపుడు అతనితోడ నీటిలోనే యుందుము. పార్వతీశము తెలివిలేనివాడు కాడు, తెలియని చోట నిలువబడినవాడు. క్రొత్త చోట మన మందరము పార్వతీశములమే. మా సీమనుండి మొదటిసారి దుబాయి విమానమెక్కిన రైతుబిడ్డ లెందరో ఆ నవల చదువకయే ఆ కథను అనుభవించిరి.

నవ్వుల నడుమనే నిప్పులును పుట్టినవి. 1922లో ఉన్నవ లక్ష్మీనారాయణ గారి మాలపల్లి వచ్చెను. చెరసాలలో వ్రాయబడిన గ్రంథము. రామదాసను మాల రైతు ఇంటిని కథకు నడిబొడ్డున నిలిపెను. చెన్నపట్టణపు ప్రభుత్వము దానిని నిషేధించెను. నాయకునకు మహాకులీనత కావలె నన్న నియమము ఆ దినమున తెగినది. రామదాసు తత్త్వజ్ఞుడు, పెద్దకొడుకు వెంకటదాసు తిరుగుబాటుదారు, చిన్నకొడుకు సంగదాసు దొరబిడ్డకు ప్రాణస్నేహితుడు. ఒక్క కప్పు క్రింద మూడు లోకములు! అయిదేండ్లు గడచినంతనే చలము గారి మైదానము. ప్లీడరు భార్యయైన రాజేశ్వరి ఇల్లు విడిచి అమీరుతో నదీతీరమున గుడిసెలో నుండును. తన కథను తానే చెప్పును. ఆ గ్రంథమును మెచ్చినవారును దిట్టినవారును సమానముగా నుండిరి. నేను గురుకులమున చదువు దినములలో దానిని గదిలో నుంచుకొనుటయే నేరము. అయినను చదివితిని. నాకు ఆనాడు రాజేశ్వరి నచ్చలేదు. నేటికిని ఆమె చేసిన దంతయు నొప్పుకొన లేను. కాని అంతవరకు ఇల్లు విడిచిన స్త్రీని గూర్చి ఇతరులే కథ చెప్పుచుండగా, ఆమె నోట ఆమె కథను వినుట అదియే మొదలని మాత్రము ఒప్పుకొనక తప్పదు.

ఇప్పుడు నేను కొంతసేపు నిలువదలచిన చోటునకు వచ్చితిని. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వారి నవలల పోటీలో రెండు గ్రంథములు బహుమానమును పంచుకొన్నవి. ఒకటి అడివి బాపిరాజు గారి నారాయణరావు. రెండవది విశ్వనాథ సత్యనారాయణ గారి వేయిపడగలు. విశ్వనాథ వారు చెప్పుచుండగా తమ్ములు వెంకటేశ్వర్లు గారు వ్రాసిరి, ఇరువదితొమ్మిది దినములలో గ్రంథము ముగిసెను. ఓరుగల్లు సీమలో బుట్టి పిమ్మట దేశమునకు ప్రధానమంత్రియైన పి.వి. నరసింహారావు గారు దానిని సహస్రఫణ్ అను పేర హిందీలోనికి తెచ్చిరి. అది 1968లో వెలువడెను. విశ్వనాథ వారు 1959 మొదలు రెండేండ్లు కరీంనగరమున కళాశాలాధ్యక్షులుగా నుండిరి. కావున మా ప్రాంతమున వారి ప్రత్యక్షశిష్యులు పెక్కురు.

వేయిపడగలు సనాతనధర్మమును నిలుపబూనిన గ్రంథమని అందరు నెరుగుదురు. అట్టి గ్రంథమున సంసార మెట్టిది? కథానాయకుడైన ధర్మారావు తండ్రి రామేశ్వరశాస్త్రి నాలుగు వర్ణముల స్త్రీలను బెండ్లాడినవాడు. ఆయనకే దేవదాసి యందు కలిగిన కూతురు గిరిక. ధర్మారావు గిరికను చెల్లెలుగా నెంచి ఆదరించును. పసిరిక యను పిల్లవాడున్నాడు. వానికి పొలములే యిల్లు, పైరే తోబుట్టువు. పాము బుసకును వాని పలుకునకును భేదము తెలియదు. గణాచారి యున్నది. ఊరికి రాబోవు కీడును ఆవేశమున చెప్పును. పాతకాలపు ఊరు ఈ వింతవారి నందరిని తన వారిగా నుంచుకొన్నదనియు, క్రొత్త నాగరికత వచ్చి వారికి చోటు లేకుండ జేసినదనియు గ్రంథకర్త వాదము. ఆచారమును కీర్తించు గ్రంథమే అన్నిటికన్న వింత సంసారమును జూపినది. ఇది వైరుద్ధ్యము కాదా యని మీ రడుగవచ్చును. నాకు అట్లు తోచదు. మన పాత ఊరు అందరికిని చోటిచ్చిన మాట నిజము. ఏ చోటు ఇచ్చినది, ఎంత చోటు ఇచ్చినది, దాని వెల యెవరు చెల్లించిరి అన్నదియే అడుగవలసిన ప్రశ్న.

ఈ ప్రశ్న నాకు పుస్తకము చదివి పుట్టినది గాదు. నా తప్పువలన పుట్టినది. చెప్పుటకు సిగ్గుగా నున్నను చెప్పెదను.

1986వ సంవత్సర ప్రాంతమున నే నొక గ్రామమున క్రొత్తగా పండితుడనై చేరితిని. జూన్ మాసము, పిల్లల పేళ్లు వ్రాసికొను దినములు. ఒక తల్లి తొమ్మిదేండ్ల కొడుకును వెంటబెట్టుకొని వచ్చెను. పిల్లవాడు మిక్కిలి చిత్రమైనవాడు. జేబు నిండ గులకరాళ్లు. ఒక్కొక్క రాతికి నొక్కొక్క పేరు పెట్టి, ఏ రాయి యే వాగులోనిదో చెప్పుచుండెను. నేను పట్టిక తెరచి పేరు వ్రాసి “తండ్రి పేరు?” అంటిని. తల్లి పలుకలేదు. నేను మరల గట్టిగా నడిగితిని. గది నిండ పిల్లలు. వెనుక బల్లనుండి ఒకడు “సార్, వాళ్లమ్మ జోగిని” అనెను. అందరు నవ్విరి. నేను నవ్వలేదు, కాని నవ్వినవారిని మందలింపను లేదు. ఆ గడిలో ఒక అడ్డగీత గీసి, పిల్లవానిని కూర్చుండుమంటిని. మరునాడు వాడు రాలేదు.

జోగిని యన నేమో యెరుగనివారికి చెప్పెదను. బాలికను గ్రామదేవతకు ఇచ్చి పెండ్లి చేసి, ఆమెను ఊరందరి సొత్తుగా జూచెడి దురాచారము మా నిజామాబాదు జిల్లాలో పెక్కు గ్రామములలో నుండెను. 1988లో శాసనము చేసి దీనిని నిషేధించిరి. గుర్రం జాషువ మహాకవి కుమార్తె హేమలతా లవణము గారు మా జిల్లాలో తిరిగి ఆ స్త్రీల పునరావాసమునకై పాటుపడిరి. అట్టి తల్లులకు బుట్టిన బిడ్డల పేళ్లప్రక్కన ఏమి వ్రాయవలెనని మాకెవరును చెప్పలేదు. నాకు నేను ఆలోచించుకొనవలసినది, ఆలోచింపలేదు.

కొన్ని నెలలకు, పసుపు ఉడికించు కాలమున, ఒక కళ్లము ప్రక్కనుండి పోవుచు ఆ తల్లిని చూచితిని. పిల్లవాడు కొప్పెర క్రింద మంట యెగద్రోయుచుండెను. బడికి పంపుమంటిని. ఆమె నన్ను కొంతసేపు చూచి, “సారూ, మీ కితాబుల గీత గీసిండ్రు గద. గీత కింద కూసునేటందుకు పిలగాడు రానంటుండు” అనెను. నేను మారుపలుక లేకపోతిని. ఆ రాత్రి వేయిపడగలు తీసి గిరిక ఘట్టములను మరల చదివితిని. ఆ యేటి పాఠములకై పూర్వము నాలుగుమారులు చదివినదే. గిరిక నృత్యము, గిరిక భక్తి, వేణుగోపాలస్వామికి ఆమె తన్ను తాను అర్పించుకొన్న తీరు. కన్నీరు పెట్టించు ఘట్టములు. పుస్తకములోని గిరికకై నే నంతకుముందును ఏడ్చియుంటిని. పట్టిక ముందు నిలిచిన గిరికకు ఒక్క గౌరవపు మాట చెప్పలేకపోతిని. ఆ పిల్లవాడు మరల బడికి రాలేదు. పెద్దవాడై పని వెదకికొనుచు బొంబాయి పోయెనని వింటిని. అంతకుమించి తెలియదు.

నాటినుండి పిల్లల పేళ్లు వ్రాసికొనునపుడు “ఇంట నిన్ను పెంచువా రెవరు?” అని యడుగుట అలవాటు చేసికొంటిని. వచ్చిన సమాధానములు నాకొక మహానవల. అమ్మమ్మ యొకతె. మేనమామ యొకడు. ఇద్దరు తల్లులు కలిసి. అక్క. ఒకమారు “మా యింటి ముందరి సాయిబు” అని కూడ జవాబు వచ్చెను.

ఈ యిండ్ల కథలను తెలంగాణమున ఎవరు వ్రాసిరి? నిజాము రాజ్యమున తెనుగునకు బడిలోను కచేరీలోను చోటు లేని కాలము దీర్ఘముగా నడచినది. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1926లో గోలకొండ పత్రిక, 1937లో మా నిజామాబాదుననే ఆంధ్ర మహాసభ, ఇట్లు మెట్టుమెట్టుగా భాష తల యెత్తెను. వట్టికోట ఆళ్వారుస్వామి గారు 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించిరి. వంటపని చేసి, హోటలులో పనిచేసి, తనంత దాను చదువు నేర్చినవారు. 1948 ప్రాంతమున వారును దాశరథి కృష్ణమాచార్యులు గారును మా నిజామాబాదు కోటలోని చెరసాలలో కలిసి యుండిరి. దాశరథి గారు బొగ్గుతో గోడమీద పద్యములు వ్రాసిన కథ మా జిల్లాలో పసిపిల్లలకును తెలియును. ఆళ్వారుస్వామి గారి ప్రజల మనిషి నవలలో దిమ్మెగూడె మను గ్రామము కలదు. కథానాయకుడు కంఠీరవము ఆచారపరుల యింట బుట్టి, అయినవారికి కానివాడై, ఊరివారికి అయినవాడగును. తన యింటిని విడిచి ఊరినే యింటిగా జేసికొనువానిని లోకము పిచ్చివాడనును. గ్రంథకర్త ప్రజల మనిషి యనెను.

1969లో దాశరథి రంగాచార్యులు గారి చిల్లర దేవుళ్లు వచ్చెను. గడీ లోపలి లోకమును అంత నిర్భయముగా జూపిన గ్రంథము మరియొకటి లేదు. ఆ గడీలలో ఆడబాప యను స్త్రీ యుండెడిది. దొరసాని పెండ్లినాడు పుట్టింటినుండి అరణముగా పంపబడిన పిల్ల. ఆమెకు పెండ్లి లేదు, కూలి లేదు, విడుదల లేదు. ఆమె బిడ్డలు దొర పోలికతో గడీలో తిరుగుచుందురు గాని దొర బిడ్డలనిపించుకొనరు. వేయిపడగలులో రామేశ్వరశాస్త్రి కూతురును చెల్లెలుగా నెంచిన యన్న యొకడుండెను. గడీలోని ఆడబాప బిడ్డకు అట్టి యన్న యేడి? ఈ రెండు గ్రంథములను ప్రక్కప్రక్కన నుంచుకొని చదువుడని నేను మా పిల్లలకు చెప్పుచుంటిని. ఒకటి ఆదర్శము, ఒకటి సాక్ష్యము. ఆదర్శము లేని సాక్ష్యము నిరాశను పెంచును, సాక్ష్యము లేని ఆదర్శము నిద్ర పుచ్చును.

కడపట ఒక వింతవాని సంగతి చెప్పి ముగింతును. విజయనగరపు సీమలోని అలమండ గ్రామమును కథాస్థలముగా జేసికొని కె.ఎన్.వై. పతంజలి గారు కొన్ని చిన్న నవలలు వ్రాసిరి. వారు 2009లో దివంగతులైరి. గోపాత్రుడను మనుష్యుడు భూమి గుండ్రముగా లేదు, బల్లపరుపుగా నున్నదని వాదించును. ఆ వాదముమీద ఊరు రెండు చీలికలై కొట్టుకొని, తగవు కచేరి కెక్కును. చదివినంతసేపు నవ్వుదుము. పుస్తకము మూసిన పిమ్మట, ఊరిలో తెలివిగలవారమనుకొన్న మనమే నవ్వులపాలైతిమని తెలియును. స్పెయిను దేశపు సెర్వాంటిసు 1605లో గాలిమరలతో యుద్ధము చేసిన డాన్ క్విక్సోటు కథను ప్రకటించెను. ఐరోపా నవలకు ఆదిపురుషుడు ఒక పిచ్చివాడే. మన నవలకును రాజశేఖరుని వంటి చాదస్తుడే ఆదిపురుషుడగుట కాకతాళీయము కాదు. కావ్యము ఎట్లుండవలెనో చెప్పును, నవల ఎట్లున్నదో చెప్పును. ఎట్లున్నదో చెప్పబూనినవాడు వింతవానిని విడిచి చెప్పజాలడు.

ఇప్పుడు మా సీమ జూడుడు. 1970వ దశకమునుండి నిజామాబాదు, కరీంనగరము జిల్లాల మగవారు గల్ఫు దేశములకు పోవుచున్నారు. ఇంట అత్తయు కోడలును బీడీలు చుట్టుచు, సేద్యము చేయించుచు, పిల్లలను పెంచుచున్నారు. తండ్రి యన ఫోనులో వినబడు గొంతుక. రెండేండ్ల కొకమారు పెట్టెతో వచ్చు చుట్టము. ఇట్టి యింటిని వింత సంసార మందురా? మా యూరిలో ఇదియే మామూలు సంసారము. ఏది వింత, ఏది మామూలు అన్నది లెక్కించువాని గడులను బట్టి యుండును. మా బడి పట్టికలో గడులు ముందే గీసియుండెను. నవలయం దట్టి గడులు లేవు. అందుచేతనే నేను నవలను కావ్యముకన్న తక్కువదానిగా చూచుట మానితిని. మా గురువుగా రిది వినియుండిన కోపగించుకొందురు. అయినను ఆయన తోటలోనే వంకర మామిడిచెట్టొకటి యుండెడిది. దానిని కొట్టివేయుమన్నవారితో ఆయన “కాయ తిని మాటాడుడు” అనెడివారు.

ఉపాధ్యాయసోదరులు వినుచున్నయెడల ఒక్క విన్నపము. మీ తరగతిలో జేబు నిండ గులకరాళ్లు వేసికొని వచ్చు పిల్లవాడు తప్పక యుండును. వాని రాళ్ల పేళ్లు అడుగుడు. తండ్రి పేరు తరువాత నడుగవచ్చును.